మాకు చెవుడు వుంది
(కశింకోటలో సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ ఈ సభలో మాకు ఉర్దూ భాష గురించి, దాని భవిష్యత్తు గురించి మాట్లాడే పని అప్పగించడం ఆనవాయితీ. ఎనిమిదేళ్లుగా అదే మాట్లాడుతున్నాము. ఈసారి కార్యదర్శి గారు ఇంటికి వచ్చినప్పుడు, ఈ సంవత్సరం మా చెవుల గురించి మాట్లాడతామని చెప్పాము. ఆయన నవ్వారు. తాము అడిగినది మాకు సరిగ్గా వినిపించలేదేమోనని కొంచెం గట్టిగా మళ్లీ అడిగారు. మేమూ కొంచెం గట్టిగా అదే జవాబు చెప్పాము.

మేము "మేము" అంటున్నామని వెనుక బెంచీలో పిల్లలు నవ్వుకోవద్దు. పెద్దరికం కోసం అనడం లేదు. చెవుడు వచ్చింది ఒక్కరికే అయినా దాన్ని మోసింది ఇల్లంతా. ఒక మాట నాలుగుసార్లు చెప్పిన భార్య, రేడియో మోత భరించిన అమ్మీ, ఫోను తీసి మా బదులు జవాబు చెప్పిన అమ్మాయి, అందరూ ఆ "మేము"లో వున్నారు.

చిన్నతనంలో మా ఎడమ చెవి కారేది. వానాకాలం వస్తే చాలు, తలగడ మీద మరక వుండేది. అమ్మీ వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన నూనె గోరువెచ్చగా పోసేది, కోడి ఈకతో తుడిచేది. ప్రేమతోనే చేసింది. ఆ రోజుల్లో ఏ వూళ్లో చూసినా అంతే. కర్ణభేరికి చిల్లు పడిందని మాకు తెలిసేసరికి డిగ్రీ చదువుతున్నాము. అయినా కుడి చెవి బాగుండేది గనుక ఏ లోటూ తెలియలేదు. ముప్ఫై ఆరో యేట ఆ కుడి చెవి కూడా తగ్గడం మొదలుపెట్టింది. ఇది చీము వల్ల కాదు, లోపలి నరం బలహీనపడటం వల్ల అని తరువాత డాక్టరు గారు చెప్పారు.

చెవుడంటే అంతా నిశ్శబ్దమే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. హైవే మీద లారీ హారను మాకు బాగానే వినబడుతుంది. స్టేషనులో రైలు కూత వినబడుతుంది. మనిషి మాట కూడా వినబడుతుంది. అర్థమే కాదు. ఎందుకంటే మాటలో అచ్చులు బరువుగా, కింది స్థాయిలో వుంటాయి. స, ష, ఫ, త వంటి హల్లులు పలచగా, పై స్థాయిలో వుంటాయి. నరం తగ్గినప్పుడు ముందుగా పోయేవి ఆ పలచని శబ్దాలే. అప్పుడు సంచి అన్నా, కంచి అన్నా, పంచె అన్నా మాకు దాదాపు ఒకటే. ఉర్దూలో అయితే మరీ కష్టం. కిరాణా కొట్లో "నౌ" అంటే తొమ్మిదో, "సౌ" అంటే వందో తేల్చుకోలేక వంద నోటు ఇచ్చి చిల్లర కోసం ఎదురుచూసిన రోజులున్నాయి. అలాంటి మేము బడిలో పిల్లలకు ఇమ్లా చెప్పి, సీనుకూ షీనుకూ తేడా దిద్దేవాళ్లం! పిల్లలు ఎంత ఓర్చుకున్నారో వాళ్లకే తెలియాలి.

ఆరేళ్లు దాచాము. దాచడం కూడా ఒక విద్య. ఎక్కడికి వెళ్లినా ఎడమ చెవి గోడవైపు వుండేట్టు కూర్చునేవాళ్లం. నలుగురూ నవ్విన తరువాత నవ్వేవాళ్లం. ఎవరేం చెప్పినా "హాఁ జీ, హాఁ జీ" అనేవాళ్లం. అవతలి మనిషి నోరు తెరవకముందే మేమే మాట్లాడేవాళ్లం, మాట్లాడుతూనే వుండేవాళ్లం. వినడం తప్పించుకోవాలంటే అంతకు మించిన దారి లేదు. ఆ విధంగా వూళ్లో మాకు వాగుడుకాయ మాస్టారని పేరు వచ్చింది. చెవిటి మాస్టారు అనిపించుకోవడం కంటె అదే నయమనుకున్నాము.

మసీదులో ఇంకో చిత్రం. జమాత్ నమాజులో నిలబడినప్పుడు, వంగినప్పుడు పక్కవారిని ఓరకంటితో చూసి సరిపెట్టుకోవచ్చు. సజ్దాలో కళ్లు నేల మీద వుంటాయి. ఫ్యాను చప్పుడులో ఇమాం సాబ్ తక్బీర్ వినబడదు. అందరూ లేచి కూర్చున్నా మేము అలాగే వుండిపోయేవాళ్లం. అది చూసి ఒక పెద్దాయన, "మాస్టారి సజ్దా చూడండి, ఎంత నిదానం, ఎంత భక్తి!" అని నలుగురిలో మెచ్చుకున్నారు. అల్లా క్షమించుగాక, ఆ పొరపాటును కూడా మేము సరిదిద్దలేదు.

ఇక అసలు సంగతికి వస్తాము. ఇది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాము.

మూడేళ్ల క్రితం ఒక సోమవారం ఉదయం, అయిదో తరగతి పిల్లవాడు ఒకడు మా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. హాజరు పట్టీలో మా తల వంచి వుంది. వాడు తగ్గు గొంతుతో, "సార్, మేరే నానా గుజర్ గయే" అన్నాడు. తాతగారు చనిపోయారని. మాకు వినబడింది మాత్రం "నానా ఘర్ గయే" అని, తాతగారు ఇంటికి వెళ్లారని. వేసవి సెలవుల్లో తాత వచ్చి వుంటాడు, తిరిగి వెళ్లి వుంటాడు అనుకున్నాము. నవ్వుతూ, "అచ్ఛా, బహుత్ అచ్ఛా, బైఠో" అన్నాము. వాడు ఒక్క క్షణం మా మొహంలోకి చూసి, వెళ్లి తన చోట కూర్చున్నాడు. సెలవు అడగడానికి వచ్చిన పిల్లవాడు. మధ్యాహ్నం వరకు అలాగే కూర్చున్నాడు. ఒంటిగంటకు వాడి మామయ్య వచ్చి, "జనాజా బయలుదేరుతోంది మాస్టారూ, బాబును ఇంకా పంపలేదేటి?" అన్నప్పుడు మాకు తెలిసింది.

గుజర్‌కూ ఘర్‌కూ మధ్య వున్నది ఒక్క "జ". ఆ ఒక్క శబ్దం మా చెవిలో లేదు. నాలుగో రోజు వాడు బడికి వచ్చినప్పుడు తరగతి అందరి ఎదుట క్షమాపణ అడిగాము. "బేటా, మాకు చెవులు సరిగా వినిపించవు. నువ్వు చెప్పినది మాకు తెలియలేదు" అన్నాము. నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఇంట్లో కూడా అప్పటిదాకా అనలేదు. పిల్లవాడు ఏమీ అనలేదు, తల వూపాడు. రెండో బెంచీలో ఒక అమ్మాయి మాత్రం, "మాకు తెలుసు సార్" అంది. క్లాసు మొత్తానికి ఎప్పటినుంచో తెలుసట! మేము ఆరేళ్లుగా ఎవరి దగ్గర దాచామో మరి.

ఇక్కడ ఒక పెద్దాయన కథ చెప్పాలి. బల్ఖ్ నగరానికి చెందిన హాతిం అసమ్ అనే సూఫీ మహనీయులు హిజ్రీ 237లో కాలం చేశారు. అసమ్ అంటే అరబ్బీలో చెవిటివాడని అర్థం. ఆయనకు ఆ పేరు ఎలా వచ్చిందో మన పెద్దలు చెబుతారు. ఒక స్త్రీ ఏదో మసలా అడగడానికి వచ్చి, మాట్లాడుతూ వుండగా పొరపాటున అపానవాయువు వదిలిందట. ఆమె సిగ్గుతో చచ్చిపోతున్నది. హాతిం గారు చెయ్యి చెవి దగ్గర పెట్టి, "కొంచెం గట్టిగా చెప్పమ్మా, నాకు సరిగా వినపడదు" అన్నారట. ఆమె మనసు కుదుటపడింది. ఆమె బతికి వున్నంత కాలం ఆయన చెవిటివాడిగానే నటించారని చెబుతారు. ఆయన చెవులు బాగుండి, ఎదుటివారి పరువు కోసం చెవుడు తెచ్చుకున్నారు. మేము చెవులు పోయి, మా పరువు కోసం చెవులున్నట్టు నటించాము. మధ్యలో ఆ పిల్లవాడి మనసు విరిగింది.

ఆ నెలలోనే విశాఖపట్నం వెళ్లాము. అక్కడ చెవి, ముక్కు, గొంతు జబ్బులకు వేరుగా ప్రభుత్వ ఆసుపత్రి వున్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ముందు డాక్టరు గారు ట్యూనింగు ఫోర్కును మోగించి చెవి దగ్గర ఒకసారి, చెవి వెనుక ఎముక మీద ఒకసారి పెట్టి అడిగారు. లోపం గాలి దారిలో వున్నదా, నరంలో వున్నదా అని దానితో తెలుస్తుంది. తరువాత చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి తలకు హెడ్‌ఫోను తగిలించారు. "బీప్" అని ఎంత చిన్నగా వినబడినా చెయ్యి ఎత్తమన్నారు. ఒకదానికి వినబడిందనుకుని ఎత్తాము, అది మా గుండె చప్పుడట. పరీక్షలో కాపీ కొట్టే పిల్లవాడిలా ఆడియాలజిస్టు అమ్మాయి మొహం చూసి చెయ్యి ఎత్తబోయాము. ఆమె మొహం తిప్పేసుకుంది. ఆరేళ్ల అలవాటు ఊరికే పోతుందా!

ఆ పరీక్ష ఫలితాన్ని ఆడియోగ్రాం అంటారు. గళ్ల కాగితం మీద ఎడమనుంచి కుడికి శబ్దపు స్థాయి, 250 హెర్ట్జు నుంచి 8000 వరకు. పైనుంచి కిందికి ఎంత గట్టిగా వుంటే వినబడుతుందో ఆ డెసిబెల్ లెక్క. 20 లోపు వినబడితే మామూలు చెవి. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్లు. మా కుడి చెవి సగటు 52, ఎడమ చెవి 68. కాగితం మీద గీత ఎడమవైపు పైన మొదలై కుడివైపుకు జారుడుబల్లలా దిగిపోయింది. ఆ జారిన చోటే "జ", "స", "ష" అన్నీ వున్నాయని ఆమె పెన్సిలుతో చూపించింది. ఆ కాగితం చూస్తుంటే, ఎందుకో తెలియదు, మనసు తేలికయ్యింది. మేము మొద్దువాళ్లం కాదు, పరధ్యానం మనుషులం కాదు. లెక్క ఇదుగో వుంది.

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం వుంటుంది. అందులో ఒక్కొక్క చెవికి సుమారు 15 వేల సన్నని వెంట్రుక కణాలు వుంటాయి. శబ్దాన్ని నరానికి అందించేవి అవే. అవి ఒకసారి చచ్చిపోతే మనిషికి మళ్లీ మొలవవు. అందుచేత నరం చెవుడుకు మందు లేదు. మాత్రలతో, తైలాలతో తిరిగి తెప్పిస్తామని పేపర్లో ప్రకటన వేసేవారి మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. మేము పోగొట్టుకున్నాము, ఎంతో చెప్పము.

మిషను సంగతి. నిజానికి ఇది మా రెండో మిషను. అంతకు రెండేళ్ల ముందు ఎవరికీ చెప్పకుండా పట్నంలో ఒక దుకాణంలో ఒకటి కొన్నాము. పరీక్ష లేదు, కొలత లేదు. జేబులోంచి తీసి చెవిలో పెట్టి, "వినబడుతోందా? అయితే సరే" అన్నారు. అది అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచేది. గిన్నె పడితే పిడుగు పడ్డట్టు వుండేది, మాట మాత్రం అంతే అస్పష్టం. మూడు రోజులు పెట్టి బీరువాలో బట్టల కింద దాచాము. మన ఇళ్లలో ఇలా బీరువాలో పడుకున్న మిషన్లు ఇంకా ఎన్ని వున్నాయో!

కొత్తది చెవి వెనుక పెట్టుకునే డిజిటల్ మిషను. అదుగో, చూడండి, తలపాగా కింద దాచలేదు. ఇందులో చిన్న మైకు వుంటుంది, శబ్దాన్ని రకరకాల స్థాయిలుగా విడగొట్టే చిప్పు వుంటుంది, చెవిలోకి పంపే చిన్న స్పీకరు వుంటుంది. మా ఆడియోగ్రాంను కంప్యూటరులో పెట్టి, ఏ స్థాయి ఎంత తగ్గిందో అంత మాత్రమే పెంచారు. బరువు శబ్దాలను ముట్టుకోలేదు. చెవికి మైనంలాంటి పదార్థంతో అచ్చు తీసి మోల్డు తయారుచేశారు. ఖర్చు 32 వేలు, అదీ ఒక్క కుడి చెవికే, వాయిదాల మీద. ఎడమ చెవికి ముందు చిల్లు సంగతి చూడాలన్నారు.

మొదటి రోజు రెండు గంటలు పెట్టుకోమన్నారు. బయటికి రాగానే మా చెప్పుల చప్పుడు వినబడింది. ఎవరో వెనుక వస్తున్నారని రెండుసార్లు తిరిగి చూశాము. బస్సులో కాగితం మడత విప్పితే చిటపటమంది. మా గొంతు మాకే కుండలోంచి వస్తున్నట్టుంది. ఇంటికి వచ్చాక తెలిసింది, మా ఇంటి గోడ గడియారం టిక్కుటిక్కుమంటుంది! అది కొన్నది ఎనిమిదేళ్ల క్రితం. రాత్రి భార్య వంటింట్లోంచి మామూలుగా, "అజీ, చాయ్ పియేంగే క్యా?" అంది. మేము "హాఁ" అన్నాము. ఆమె చాలాసేపు బయటికి రాలేదు. తరువాత వెళ్లి చూస్తే పొయ్యి దగ్గర నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఆరేళ్లుగా చాయ్ అడగాలంటే వచ్చి భుజం తట్టవలసి వచ్చిన మనిషి.

అంతా సుఖమే అని చెబితే అబద్ధం. మొదటి నెల తలనొప్పి. పెళ్లిళ్లలో, బజారులో, నలుగురు ఒకేసారి మాట్లాడితే ఇప్పటికీ ఏమీ తెలియదు. మిషను కొత్త చెవి కాదు, ఉన్న చెవికి చేతికర్ర. మెదడుకు కూడా మళ్లీ నేర్పాలి. కొన్ని వారాలు పడుతుంది. రెండో రోజే తీసి బీరువాలో పెట్టేవారు ఇక్కడే దెబ్బతింటారు. నాలుగు వారాల తరువాత వెళ్లి మళ్లీ సరిచేయించుకోవాలి. మేము మూడుసార్లు వెళ్లాము.

మన తీరప్రాంతపు ఉక్క మిషనుకు పెద్ద శత్రువు. రాత్రిపూట సిలికా గుళికలున్న డబ్బాలో పెట్టాలి. వజూ చేసేటప్పుడు తీసెయ్యాలి. ఒక శుక్రవారం వజూఖానా గట్టు మీద మరచిపోయి ఇంటికి వచ్చేశాము. 32 వేలు! పరుగెత్తుకు వెళ్లేసరికి మౌజన్ సాబ్ తన టోపీలో పెట్టుకుని కూర్చుని వున్నారు. "మాస్టారూ, ఇది కీచుమంటోంది, పురుగేమో అనుకున్నాను" అన్నారు. మిషను మీద చెయ్యి మూస్తే దాని శబ్దం దానికే తిరిగి వచ్చి కూస్తుంది, అంతే. బ్యాటరీ శనగగింజంత వుంటుంది. మాకు పది రోజులు వస్తుంది. దాని మీద నారింజ రంగు స్టిక్కరు తీసి ఒక నిమిషం గాలి తగలనిచ్చి తరువాత వెయ్యాలి. గాలితోనే పనిచేస్తుంది గనుక. వాడేసినవి చిన్నపిల్లలకు అందనివ్వకండి, మింగితే ప్రాణాపాయం.

ఇక ఇంట్లో పెద్ద చర్చ అమ్మాయి పెళ్లి గురించి. మా పెద్దమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం. సంబంధం చూడటానికి వస్తున్నారంటే, మా వదినె గారు, "ఆ రోజు ఒక్కరోజు అది తీసి పెట్టు భాయ్. చెవుడు ఇంటి రక్తంలో వుందనుకుంటారు" అన్నారు. ఆమె మాట తీసిపారేయలేము. కొన్ని రకాల చెవుడు కుటుంబాల్లో నిజంగానే వస్తుంది. కాని తీసేస్తే వచ్చినవారి మాటలకు మళ్లీ "హాఁ జీ" అనాలి. అమ్మాయి జీవితం గురించిన మాటలకు, ఏమిటో తెలియకుండా! పెట్టుకునే కూర్చున్నాము. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, బిర్యానీ బాగుందన్నారు, కబురు చేస్తామన్నారు. చేయలేదు. చెవి వల్లనో, మరి దేనివల్లనో వాళ్లు చెప్పలేదు, మేము అడగలేదు. వదినె గారు రెండు వారాలు మాతో మాట్లాడలేదు. అమ్మాయి మాత్రం, "చెవి చూసి వెళ్లిపోయేవాళ్లను వెళ్లనీ అబ్బా" అంది. తండ్రిగా మాకు ఆ మాట అంత తేలికగా దిగలేదు. ఇప్పటికీ రాత్రిపూట ఆలోచిస్తాము.

అలాంటి రాత్రుల్లో మాకు గుర్తొచ్చే మనిషి ఒకరున్నారు. మన ఉత్తరాంధ్ర మనిషే, మాలాగే బడిపంతులు. గిడుగు రామమూర్తి గారు. 1863 ఆగస్టు 29న ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వారి తండ్రి గారు ఉద్యోగరీత్యా మన చోడవరానికి బదిలీ అయి, అక్కడే విషజ్వరంతో చనిపోయారు. ఆ పిల్లవాడు కష్టపడి చదువుకుని 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులయ్యారు. కొండల్లో వుండే సవరల మాట ఎవరికీ పట్టని కాలంలో, ఆ భాష నేర్చుకోవడానికి మన్యంలో తిరిగారు, వాళ్ల పిల్లల కోసం బడులు పెట్టారు. అక్కడ మలేరియా పట్టుకుంది. దానికి పుచ్చుకున్న క్వినైను వల్ల జీవితాంతం చెవుడు మిగిలిందని ఆయన చరిత్రలో రాశారు. అయినా సవర భాషకు వ్యాకరణం రాశారు, అది 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. జనం నోట వుండే తెలుగే పుస్తకాల్లో వుండాలని దేశమంతా తిరిగి వాదించారు. జనం మాట కోసం అంత పోరాడినవారికే ఆ మాట సరిగా వినిపించని చెవులు! 1940 జనవరిలో కాలం చేసేదాకా ఆయన పని మానలేదు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాము. మా ఉర్దూ బడిలో కూడా ఆ రోజు చేస్తాము. ఈ ఏడు పిల్లలకు ఆయన చెవుల గురించి కూడా చెప్పాము.

ఇంకో పేరు చెప్పి ఆ సంగతి ముగిస్తాము. హైదరాబాదువారు నవాబ్ అలీ యావర్ జంగ్. ఉస్మానియాకు, అలీగఢ్‌కు వైస్ ఛాన్సలర్‌గా చేశారు, మహారాష్ట్ర గవర్నరుగా వుంటూ 1976లో మరణించారు. మన దేశంలో వినికిడి లోపం వున్నవారి కోసం 1983లో బొంబాయిలో పెట్టిన జాతీయ సంస్థకు ఆయన పేరే పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికిందరాబాదులో వుంది. పరీక్షలు, మిషన్లు, చెవిటి పిల్లలకు మాట నేర్పడం, టీచర్లకు శిక్షణ, ఇవన్నీ అక్కడ వున్నాయి. మనవాళ్లు హైదరాబాదు వెళితే చార్మినార్ చూసి వస్తారు. ఇంట్లో మాట రాని పిల్లవాడుంటే ఒకసారి అక్కడికి కూడా వెళ్లండి.

చట్టం సంగతి క్లుప్తంగా. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్ల లోపం వుంటే వినికిడి మందగించినవారు, 70 దాటితే బధిరులు. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఈ రెండు రకాలవారికీ కలిపి నూటికి ఒకటి కేటాయింపు వుంది. మా కుడి చెవి 52 గనుక మేము ఆ లెక్కలోకి రాము, సొంత డబ్బే పెట్టుకున్నాము. కాని ఈ సభలోనే ఆ లెక్కలోకి వచ్చేవారు వున్నారు. ఆదాయం తక్కువగా వున్నవారికి కేంద్రప్రభుత్వం అడిప్ పథకం కింద మిషను ఉచితంగా ఇస్తుంది. 1981 నుంచి వున్న పథకం. దానికి కావలసినది వైకల్య ధృవపత్రం, దానికి కావలసినది ఆడియోగ్రాం. దరఖాస్తు నింపడం రానివారు సాయంత్రం మా ఇంటికి రండి, నింపి పెడతాము. సిగ్గుపడవలసిన పని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా ఎంతో కొంత వినికిడి లోపం వుంది.

తల్లులకు ఒక్క మాట. పిల్లల చెవి కారుతుంటే నూనె పొయ్యకండి. కోడి ఈక, అగ్గిపుల్ల, పిన్నీసు ఏదీ పెట్టకండి. తడి తగలకుండా చూసి డాక్టరు దగ్గరకు తీసుకుపోండి, మందుతో తగ్గేదానికి జీవితాంతం శిక్ష వద్దు. పుట్టిన బిడ్డ పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, ఏడాది నిండినా "అమ్మీ" అనకపోయినా, వాడి తాత కూడా ఆలస్యంగానే మాట్లాడాడని సర్దిచెప్పుకోకండి. నెలల పిల్లలకు కూడా ఇప్పుడు పరీక్ష వుంది. మొదటి రెండు మూడేళ్లు దాటితే మాట నేర్పడం చాలా కష్టమవుతుంది.

సంఘానికి మా మనవి. ఏటా కుట్టుమిషన్లు పంచుతున్నారు, సంతోషం. ఈ ఏడు ఒక రోజు చెవుల పరీక్షకు శిబిరం పెట్టండి. పేద ముసలివారికి బ్యాటరీల ఖర్చుకు చిన్న నిధి వుంచండి. మిషను ఉచితంగా వచ్చి, బ్యాటరీ కొనలేక మూలపడేసినవాళ్లు మాకు తెలుసు. శుక్రవారం ఖుత్బా ముఖ్యాంశాలు నాలుగు వాక్యాలు నల్లబల్ల మీద రాసి పెడితే బాగుంటుంది, మా చేతిరాత మంచిదే, మేమే రాస్తాము. మక్కాలో హరమ్ షరీఫ్‌లోనే ఖుత్బాను సైగల భాషలో వివరించే ఏర్పాటు వుండగా మనకు నల్లబల్ల ఒక లెక్కా?

మాతో, మాలాంటివారితో మాట్లాడేటప్పుడు అరవకండి. అరిస్తే మాట ఇంకా చెడుతుంది, పైగా వీధి అంతా తగవు అనుకుంటుంది. ఎదురుగా నిలబడండి, వెలుతురులో వుండండి, నోటికి చెయ్యి అడ్డం పెట్టకండి, కిళ్లీ నములుతూ మాట్లాడకండి. అర్థం కాకపోతే అదే వాక్యం పదిసార్లు కాకుండా వేరే మాటల్లో చెప్పండి. అన్నిటికంటె ముఖ్యం, "ఏం లేదులెండి, తరువాత చెబుతాను" అనకండి. ఆ తరువాత ఎప్పుడూ రాదు.

ఇప్పుడే మా చెవిలో రెండుసార్లు బీప్ అంది. బ్యాటరీ అయిపోయిందని దాని భాష. కొత్తది జేబులో వుంది, స్టిక్కరు తీసి ఒక నిమిషం ఆగాలి. ఈలోగా ఎవరికైనా ప్రశ్నలుంటే, సభలో అడగడానికి మొహమాటమైనవారు కాగితం మీద రాసి ముందు బెంచీలో వున్న మా అమ్మాయికి ఇవ్వండి. పేరు రాయనక్కరలేదు.